కేసు అయిపోయినా మనసులోంచి పోకపోతే: అత్యవసర సేవల్లో పనిచేసే ఆడవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 108 అంబులెన్స్‌లో ఈఎంటీగానో (పేషెంట్‌కి దారిలో ప్రథమ చికిత్స చేసే ఉద్యోగి), క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగానో, పోలీస్ స్టేషన్‌లోనో, ఫైర్ స్టేషన్‌లోనో పనిచేసే ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను మొదట అంబులెన్స్‌లో, తర్వాత క్యాజువాలిటీలో పనిచేశాను. నా దగ్గరకొచ్చి కూర్చుని ఏడ్చిన చెల్లెళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు: "అక్కా, నాకేటయిందో నాకే తెలీట్లేదు." నిద్ర పట్టదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతారు. డ్యూటీకి బయల్దేరాలంటే కడుపులో తిప్పుతుంది. ఎందుకమ్మా అని అడిగితే హైవే మీద చూసిన శవం దగ్గర మొదలుపెట్టి, షిఫ్ట్ ఇన్‌చార్జి అన్న మాట దగ్గర ఆగుతారు. రెండు బాధలూ ఒకే ముద్దగా అయిపోయి ఉంటాయి. ఆ ముద్దని విడదీయడమే మొదటి పని.

కాగితం మీద రెండు వైపులు

ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు, డ్యూటీలో మీరు చూసినవి. కుడి వైపు, తోటి మనుషులు మీకు చేసినవి. పొందిగ్గా రాయక్కర్లేదు. ఒక చెల్లి రాసుకున్నది, ఆమె ఒప్పుకున్నాకే, ఊరి పేరు తీసేసి చెప్తున్నాను. ఎడమ వైపు ఇలా ఉంది: "హైవే మీద బైక్ ఆర్టీఏ (రోడ్డు యాక్సిడెంట్). బాబుది మా వాడి వయసే. స్కూల్ బ్యాగ్ మా బండిలోనే ఉండిపోయింది. జిప్పుకి చిన్న ప్లాస్టిక్ చేప వేలాడుతోంది." కుడి వైపు: "బండి కడుగుతుంటే, ఆడగుంటలకి ఇలాంటియి పడవు, ఇంటికాడ కూకోరాదా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ వారం నుంచి నైట్‌లో ముందు సీట్లోకి రమ్మని ఒకటే పోరు."

ఈ రెండింటికీ మందు వేరు. చూసినదాని వల్ల తగిలిన దెబ్బ నిద్రతో, తోడుతో, కాలంతో, అవసరమైతే చికిత్సతో మానుతుంది. మనిషి చేసిన అవమానం అలా కాదు. ఆ మనిషి రోజూ పక్కనే ఉండి అదే పని చేస్తుంటే ఏ డాక్టరు దగ్గరకెళ్లినా తగ్గదు, ముందు దాన్ని ఆపించాలి. రెండూ కలిసిపోయి ఉన్నంతకాలం లాభం వేధించేవాడికే. అతని మీద ఫిర్యాదు చేస్తే "ఆ యాక్సిడెంట్ చూసినకాడి నుంచి ఆవిడ మైండ్ బాగోలేదు" అంటాడు. యాక్సిడెంట్ గురించి సాయం అడిగితే "అందుకే ఆడోళ్లు ఈ ఉద్యోగానికి పనికిరారు" అంటాడు. విడదీసి రాసి పెట్టుకున్న మనిషిని ఇలా తికమక పెట్టడం కష్టం.

రాస్తుంటే దడ వస్తే అక్కడితో ఆపేయండి. రేపు రాయొచ్చు. కుడి వైపు గురించి మాత్రం మరీ ఆలస్యం చేయొద్దు. దానికి చట్టంలో గడువు ఉంది, కింద చెప్తాను.

కష్టమైన కేసు తర్వాత మొదటి రాత్రి

పేషెంట్‌ని అప్పగించి, కేసు వివరాల పీసీఆర్ షీట్ రాసి, బండి కడిగేటప్పుడే మొదలుపెట్టండి. రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించి నిలబడండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి నిదానంగా ఉంటేనే గుండె వేగం తగ్గుతుంది. ఒక ఐదు నిమిషాలు ఇలా చేసి, ఎదురుగా కనిపిస్తున్నవాటి పేర్లు పైకి చెప్పండి: బకెట్, టైరు, వేపచెట్టు, సిమెంటు అరుగు, నా చెప్పులు. మనసు ఇంకా ఆ స్పాట్ దగ్గరే ఉంటుంది, దాన్ని ఇప్పుడు నిలబడ్డ చోటికి తీసుకురావడానికి ఇది.

ఇంటికెళ్లాక, చావింటి నుంచి వచ్చినవాళ్లు మన వైపు ఏం చేస్తారో అదే చేయండి. గుమ్మం బయట కాళ్లు కడుక్కుని, యూనిఫాం విడిగా నానబెట్టి, తలస్నానం చేసి లోపలికి వెళ్లండి. మైల పట్టింపు మీకున్నా లేకపోయినా, డ్యూటీ అక్కడితో అయిపోయిందని ఒంటికి చెప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు దొరకలేదు. ఆకలి లేకపోయినా ఇంత అంబలైనా తాగి పడుకోండి.

మాత్రల విషయంలో గట్టిగా చెప్పాలి. మన చేతికి ఆల్ప్రజోలం లాంటి నిద్ర పట్టించే మత్తుమాత్ర తేలిగ్గా అందుతుంది. "ఒకటేసుకో, పడుకుంటావ్" అని ప్రేమగా ఇచ్చే సిస్టర్లూ ఉంటారు. వేసుకోకండి. ఇలాంటి షాక్ తగిలిన మొదటి నెలలో ఆ రకం మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. కొన్నాళ్లకి అవి లేకుండా నిద్రపట్టని స్థితి వస్తుంది. మద్యం తాగి పడుకోవడం కూడా అంతే. స్పాట్‌లో ఎవరో తీసిన వీడియో తెల్లారేసరికి వాట్సాప్‌లోకి వస్తుంది. దాన్ని తెరవకండి. కళ్లతో ఒకసారి చూశారు, చాలు.

మాట్లాడాలనిపిస్తే ఒక్క మనిషితో మాట్లాడండి. అనిపించకపోతే ఊరుకోండి. అందర్నీ వరసగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం వల్ల మేలు జరగదని, కొందరికి కీడు కూడా చేస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఇన్‌చార్జి మంచి ఉద్దేశంతో అలాంటి మీటింగ్ పెట్టినా "నేను తర్వాత చెప్తాను సార్" అనొచ్చు.

మొదటి నెల

2017 జనవరిలో కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు పాసింజర్ రైళ్లు గుద్దుకున్నాయి. అలాంటి చోట్లకి వెళ్లొచ్చినవాళ్లని ఊరంతా పలకరిస్తుంది, ఎందుకంటే టీవీలో చూశారు. కానీ నేను చూసినంతలో మనిషిని పట్టుకుని వదలనిది చాలాసార్లు ఏ పేపర్లోనూ రాని కేసు. పురుగుమందు తాగిన కొత్త కోడలు. నేలబావిలోంచి తీసిన పిల్ల. ఆస్పత్రి ఇంకా పది నిమిషాలుందనగా దారిలో పోయిన పసిగుడ్డు. "ఇంత చిన్నదానికి నాకిలా అవుతుందేటి" అని సిగ్గుపడకండి. మీ ఇంటిని, మీ బిడ్డని గుర్తుచేసిన కేసే లోపలికి వెళ్తుంది.

మొదటి కొన్ని వారాలు పీడకలలు, ఉలికిపాటు, చిరాకు, ఆ రోడ్డు వైపు వెళ్లాలంటే భయం, ఇవన్నీ రావడం మామూలే. ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా మీరు చేయగలిగినవి ఉన్నాయి. నైట్ డ్యూటీ తర్వాత గది చీకటి చేసుకుని ముందు పడుకోండి, ఇంటిపని లేచాక చూసుకోవచ్చు. రోజూ కాసేపు నడవండి. పైడితల్లి అమ్మవారికో అరసవల్లి స్వామికో మొక్కుకుంటే మనసు కుదుటపడుతుందంటే తప్పకుండా వెళ్లండి. ఆ స్పాట్ మీదుగా వెళ్లడం పూర్తిగా మానేస్తే భయం ఇంకా పెరుగుతుంది. ముందు పగటిపూట, బస్సులో, తెలిసినవాళ్ల తోడుతో ఒకసారి దాటండి. తర్వాత మళ్లీ. చివరగా డ్యూటీ బండిలో.

ఒకే పీడకల మళ్లీ మళ్లీ వస్తుంటే పగలు, నిద్ర తేలిపోయినప్పుడు, దాని ముగింపు మార్చి రాసుకోండి. బాబు లేచి బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయాడని రాసుకున్నా పర్లేదు. ఆ మార్చిన కథనే రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించండి. పిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, పీడకలలకి చికిత్స చేసేవాళ్లు నేర్పే పద్ధతే ఇది.

నెల దాటినా తగ్గకపోతే

నెల దాటాక కూడా ఆ దృశ్యం కళ్ల ముందు తిరుగుతుంటే, నిద్ర రాకపోతే, పిల్లల్ని దగ్గరకి తీసుకోవాలన్నా ఏమీ అనిపించకపోతే, అది పీటీఎస్‌డీ (షాక్ తర్వాత మనసుకి పట్టుకునే జబ్బు) కావచ్చు. దాన్ని డాక్టరు తేల్చాలి. శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మనకొచ్చే ఇబ్బంది వేరు: రోజూ స్ట్రెచర్ తోసుకెళ్లే ఆస్పత్రిలోనే ఓపీ చీటీ పట్టుకుని నిలబడాలంటే అటెండర్ నుంచి అందరూ తెలిసినవాళ్లే. అది పట్టింపైతే విశాఖ రైలెక్కండి, లేదా ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సర్వీసు. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. మీ ఆఫీసు ఫోన్ చేసి అడిగినంత మాత్రాన డాక్టరు చెప్పేయకూడదు.

డాక్టరుని సూటిగా అడగండి: "ట్రామాకి ప్రత్యేకంగా చేసే థెరపీ ఇక్కడ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు?" ఆ జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా, అదుపులో ఉండే పద్ధతిలో ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ ఒకటి, కంటి కదలికలతో చేసే ఈఎమ్‌డీఆర్ ఒకటి, రెండూ బాగా పనిచేస్తాయని రుజువైనవి. సెర్ట్రలిన్ లాంటి మాత్ర రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మీరే ఆపేయొద్దు.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తే నెల రోజులు ఆగే పనే లేదు. ఆ గంటలోనే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి చేయండి, లేదా 108నే పిలవండి. ఇంట్లో ఉన్న మందులు, పురుగుమందు డబ్బాలు వేరే ఇంటికి పంపేయమని చెప్పండి. ఒంటరిగా ఉండొద్దు.

ఓపీ చీటీలు, మందుల బిల్లులు, థెరపీకి పెట్టిన ఖర్చుల రసీదులు ఒక కవర్లో దాచండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఇక కుడి వైపు

అక్కడ రాసినవన్నీ ఒకే రకం కావు. "ఆడదానివి, స్ట్రెచర్ నువ్వేటి ఎత్తుతావ్" అని ట్రెయినింగ్‌కి పంపకపోవడం, ఎప్పుడూ రికార్డులు రాయడానికే కూర్చోబెట్టడం, బాత్రూమ్ లేని బేస్ లొకేషన్‌లో (బండి నిలిపి ఉంచే చోటులో) పన్నెండు గంటలు ఉంచడం ఒక రకం. ఇది వివక్ష. దీనికి దారి రాతపూర్వక అర్జీ: పై అధికారికి, కాపీ యూనియన్‌కి, తారీఖుతో, రసీదుతో. ప్రభుత్వ ఉద్యోగంలో ఆడా మగా తేడా చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణలోనే ఉంది. బాత్రూమ్ అడగడానికి మొహమాటపడకండి. నీళ్లు తాగడం మానేసి మూత్రంలో ఇన్ఫెక్షన్లు తెచ్చుకున్న చెల్లెళ్లని చాలామందిని చూశాను. అర్జీలో ఆ మాట అలాగే రాయండి.

రెండో రకం లైంగిక వేధింపు. ముట్టుకోవడం, ముట్టుకోబోవడం, కోరిక తీర్చమనడం, ఒంటి గురించి బూతు మాటలు, ఫోన్‌లో బూతు వీడియో చూపించడం, సైగలు. వీటికి 2013 నాటి పోష్ చట్టం, అంటే పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులని ఆపే చట్టం, ఉంది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, రోజుకూలీ అందరికీ వర్తిస్తుంది. డ్యూటీ కోసం వెళ్లిన ప్రతి చోటూ, ఆఫీసు ఇచ్చిన వాహనమూ చట్టం దృష్టిలో పనిచేసే చోటే. అంటే అంబులెన్స్ లోపల జరిగిందీ లెక్కే.

మొదటిసారి మాట జారినప్పుడు, పక్కన నలుగురుంటే, గొంతు పెంచకుండా ఒకే వాక్యం చెప్పండి: "అన్నా, ఈ మాట నాకు నచ్చలేదు, ఇంకోసారి అనొద్దు." పై అధికారైతే: "సార్, ఇది డ్యూటీకి సంబంధించిన మాట కాదు." నవ్వొద్దు, వివరణ ఇవ్వొద్దు. రాత్రిపూట బండిలో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం ఎదురు వాదనకి దిగొద్దు. ఏదో ఒక సాకుతో వెలుతురు, మనుషులు, కెమెరాలు ఉన్న చోట ఆపించండి. మడపాం, నాతవలస టోల్ ప్లాజాల లాంటి చోట దిగిపోయి 112కి ఫోన్ చేయండి. దిగి నోరు విప్పలేకపోతే, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతే, అది మీ తప్పు కాదు. భయంలో ఒళ్లు అలాగే చేస్తుంది.

ఆ రోజే పడుకోకముందు నోటుపుస్తకంలో రాయండి. తారీఖు, టైము, కేసు ఐడీ, బండి ఎక్కడుంది, అతను అన్న మాట అన్నట్టే, ఎవరు విన్నారు, మీరేం చెప్పారు. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ బూతు మాట రాయడానికి చెయ్యి రాకపోయినా రాయండి. వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి, అసలు మెసేజ్ డిలీట్ చేయకండి, ఆ ఫోన్ మార్చకండి. బండికి జీపీఎస్, లాగ్‌బుక్ ఉంటాయి. మీరు చెప్పిన టైముకి బండి ఎక్కడ ఆగిందో అవే చెప్తాయి. వాటిని తెప్పించమని ఫిర్యాదులోనే అడగొచ్చు.

కమిటీకి ఎలా వెళ్లాలి

పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దాని పెద్ద ఒక మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. పదిమందికన్నా తక్కువున్నా, వేధించింది యజమానే అయినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. అది ఎవరి దగ్గరుందో కలెక్టరేట్‌లో, మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో చెప్తారు. సోమవారం గ్రీవెన్స్‌లో అడిగితే కమిటీ వివరాలు మాత్రమే అడగండి, జరిగింది అక్కడ చెప్పొద్దు. అక్కడ జనం వింటుంటారు. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు.

గడువు, చివరిగా జరిగిన రోజు నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వగలదు. నిద్ర లేక, చికిత్సలో ఉండి రాయలేకపోతే ఆ ఓపీ చీటీలే కారణానికి సాక్ష్యం. రాయడం రాకపోతే రాయడానికి కమిటీయే సాయం చేయాలి.

ఫిర్యాదు ఆరు కాపీలు, వాటితో సాక్ష్యాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. మొదటి వాక్యం ఇలా ఉంటే చాలు: "నేను ఫలానా బేస్‌లో ఈఎంటీగా పనిచేస్తున్నాను. ఫలానా తారీఖు రాత్రి ఫలానా టైముకి, ఫలానా కేసు నుంచి తిరిగి వస్తుండగా, ఫలానా వ్యక్తి నాతో ఇలా అన్నాడు." అక్కడి నుంచి నోటుపుస్తకం చూసి వరసగా రాయండి. ఎడమ వైపు కాగితంలోది ఇందులో కలపొద్దు. చివర్లో విచారణ అయ్యేదాకా అతన్ని గానీ మిమ్మల్ని గానీ వేరే చోటికి మార్చమని అడగండి. మూడు నెలల దాకా సెలవు కూడా అడగొచ్చు, అది మీ మామూలు సెలవుల్లోంచి పోదు. ఈ సంగతి తెలియక, భయంతో రాజీనామా రాసిచ్చినవాళ్లున్నారు. రాజీనామా కాగితం మీద ఎవరు ఒత్తిడి చేసినా సంతకం పెట్టొద్దు.

మనకి షిఫ్ట్ డ్యూటీలు కాబట్టి ఒక జాగ్రత్త. తగిన కారణం లేకుండా వరసగా మూడు వాయిదాలకి రాకపోతే కమిటీ విచారణ ఆపేయగలదు. వాయిదా తారీఖు తెలియగానే ఆ రోజు డ్యూటీ మార్చమని రాతపూర్వకంగా అడిగి రసీదు ఉంచుకోండి. "సర్దుకుపోండమ్మా" అని రాజీ కుదర్చడం మీరు అడిగితేనే చేయాలి, అందులో డబ్బు మాట ఉండకూడదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. రుజువు కానంత మాత్రాన అబద్ధపు ఫిర్యాదని మీ మీద చర్య తీసుకోలేరు. పరిహారం లెక్కవేసేటప్పుడు మీరు పడ్డ మానసిక వేదన, మానసిక చికిత్సకైన ఖర్చు కూడా చూడాలని చట్టంలోనే ఉంది. కవర్లో బిల్లులు దాచమన్నది ఇందుకే.

కమిటీలో కేసు నడుస్తున్నా పోలీసులకి ఫిర్యాదు చేయొచ్చు. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ లైంగిక వేధింపుది. మీరు పోలీసు శాఖలోనే పనిచేస్తూ, మీ స్టేషన్‌లో ఇవ్వడానికి జంకితే వేరే స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ (జరిగిన చోటు ఏదైనా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్) అడగండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, దానికి 15100. మాట్లాడటానికి, తోడుకి మహిళా హెల్ప్‌లైన్ 181.

ఇంట్లో ఎలా చెప్పాలి

చాలామంది ఇంట్లో చెప్పకపోవడానికి కారణం ఒకటే, వెంటనే "ఆ ఉద్యోగం మానేయ్" అంటారు. కాబట్టి ఏం కావాలో ముందే చెప్పండి. "అమ్మా, ఉద్యోగం గురించి నేను తర్వాత ఆలోచిస్తాను. ఇప్పుడు నాకు నువ్వు చేయాల్సింది, ఈ నెల పొద్దున్న పిల్లని బడికి దింపు, నన్ను పడుకోనీ." భర్తకైతే: "మీరు వెళ్లి అతనితో గొడవపడొద్దు. కమిటీ వాయిదాకి నాతో రండి, బయట కూర్చోండి." పని అప్పజెప్పితే ఇంట్లోవాళ్ల భయం కాస్త తగ్గుతుంది, సలహాలూ తగ్గుతాయి.

మళ్లీ డ్యూటీకి, మళ్లీ ఒకరికి

తిరిగి వెళ్లే మొదటి వారం పగటి షిఫ్ట్, నమ్మకమున్న పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) లేదా సిస్టర్‌తో అడగండి. ఆ కేసు జరిగి ఏడాది దగ్గరపడే కొద్దీ, ఆ తారీఖు చుట్టూ నిద్ర మళ్లీ చెడొచ్చు. ఆ రెండు మూడు రోజులు ముందే డ్యూటీ మార్పించుకోండి. కమిటీ తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో అప్పీలు చేయొచ్చు. తీర్పు వచ్చాక పగ తీర్చుకున్నట్టు మిమ్మల్ని దూరపు బేస్‌కి వేస్తే దాన్ని కూడా నోటుపుస్తకంలో రాసి, కమిటీకి తెలియజేయండి.

మగవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ముందు అలాంటి మాట వచ్చినప్పుడు నవ్వకండి, "ఆపు" అనండి. తర్వాత ఆమె అడిగితే సాక్షిగా సంతకం పెట్టండి. నేను చూసిన ఫిర్యాదుల్లో చాలావాటికి బలం ఆ ఒక్క సంతకమే.

సీనియర్ ఆడవాళ్లకి ఒక మాట. "మా రోజుల్లో ఇంతకన్నా ఎక్కువ భరించాం" అని కొత్త పిల్లతో అనొద్దు. ఆమె వచ్చి కూర్చుంటే ముందు అన్నం తిందా, నిద్రపోయిందా అడగండి. ఆ తర్వాత కాగితం, పెన్ను ఇచ్చి మధ్యలో గీత గీయించండి. కుడి వైపు రాసింది ఫొటో తీసి, ఆమె ఒప్పుకుంటే ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి, గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండర్‌లో రాయండి.